ఎడమ గొట్టం

"చెయ్యొచ్చమ్మా. కానీ చెయ్యమని మాత్రం నేను చెప్పను," అన్నాడు గుడివాడలో తుపాకులు బాగుచేసే పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని.

నాకు ఒళ్లు మండింది. చెయ్యనంటే తిట్టుకుంటూ వెళ్లిపోతాను. చేస్తానంటే సంతోషిస్తాను. రెండూ కాని ఈ మాట వినడానికా నేను బందరు నుంచి టిఫిన్ కూడా తినకుండా బయల్దేరి వచ్చింది? బయట ఎండలో కారులో కూర్చున్న మా ఆయన అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టారు. ఆయనకి ఈ తుపాకీ వ్యవహారం మొదటినుంచీ గిట్టదు. "అది బాగైతే ముందు కాల్చేది నన్నేగా, నా ఖర్చుతో నా చావేంటే?" అని కనబడ్డ వాళ్లందరికీ చెప్పి నవ్వించారు. నవ్విన వాళ్లలో నేను లేను.

అది మా నాన్న తుపాకీ. అంతకుముందు తాతది. రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండే పాతకాలపు డబుల్ బ్యారల్. దివిసీమలో మా పొలం సముద్రానికి దగ్గర. వరి పాలుపోసుకునే రోజుల్లో అడవి బాతులు గుంపులుగా దిగి మడికి మడి తొక్కేసేవి. వాటిని బెదరగొట్టడానికి పంటరక్షణ లైసెన్సు కింద తాత కొన్నాడు. నాన్న ఆదివారం మాత్రం దాన్ని ముట్టేవాడు కాదు. బాతులకి కూడా ఆ సంగతి తెలిసిపోయిందనీ, ఆదివారం చర్చి గంట కొట్టగానే దిగుతున్నాయనీ ఊళ్లో వాళ్లు నాన్నని ఏడిపించేవాళ్లు.

పొద్దు పొడిచే వేళకి గట్టు మీదికి వెళ్తూ నాన్న నన్ను తీసుకెళ్లేవాడు. తమ్ముణ్ణి కాదు. వాడికి ఆ చప్పుడంటే భయం, మంచం కింద దూరి చెవులు మూసుకునేవాడు. నేను తూటాల సంచీ మెడకి తగిలించుకుని నాన్న వెనకాలే నడిచేదాన్ని. ఇంటికొచ్చాక శుభ్రం చేసే పని కూడా నాదే. తుపాకీని కీలు దగ్గర కిందికి మడిచినట్టు విరిచి, గొట్టాల్లో మరిగిన నీళ్లు పోసి, పొడుగు కమ్మీకి గుడ్డ చుట్టి తడి లేకుండా తుడిచి, ఆముదం పల్చగా రాసి, ఆపైన గొట్టాన్ని వెలుతురు వైపు ఎత్తి లోపలికి చూడాలి. బాగా శుభ్రమైతే లోపలంతా వెలుగు గాజుల దొంతరలా కనబడుతుంది. చివర్లో నాన్న ఒకసారి కన్ను పెట్టి చూసి "ఊ" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆ "ఊ" కోసం నేను పదిసార్లు తుడిచేదాన్ని.

పదిహేనేళ్లప్పుడు ఒక్కసారి నా చేత పేల్పించాడు. భుజం వాచిపోయి వారం రోజులు జడ వేసుకోలేకపోయాను. అందుకే ఆ తుపాకీ నాదని నా లెక్క. ఎవరు కాదన్నా నాదే.

ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. పెద్ద ఎన్నికలు, పంచాయతీ ఎన్నికలు, మధ్యలో ఇంకేవో. కాన్పుకి పుట్టింటికి వెళ్లినట్టు మా తుపాకీ సంచీలో సర్దుకుని వెళ్తూనే ఉండేది. నిగనిగలాడుతూ వెళ్లేది, వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెచ్చుకునేది. ఒకసారి రెండు గొట్టాల్లోనూ కందిరీగలు మట్టితో గూళ్లు కట్టుకుని ఉన్నాయి. స్టేషన్ వాళ్లు మాత్రం ఏం చేస్తారు, మూల నిలబెట్టిన ఇనప గొట్టంలోకి కందిరీగ దూరకుండా కాపలా కాస్తారా? కానీ ఆ మట్టి గోకడానికి నాకు రెండు రోజులు పట్టింది. గోకుతున్నంతసేపూ కందిరీగల్నీ, పోలీసుల్నీ, పోటీ చేసిన పార్టీలన్నిటినీ కలిపి తిట్టాను.

ఆఖరిసారి నోటీసు వచ్చేసరికి నాన్న మంచం మీద ఉన్నాడు. నేను బందరు నుంచి వెళ్లి అంతా నేనే చేశాను. కందిరీగల సంగతి మర్చిపోలేదు. నాన్న పాత గళ్ల లుంగీ చింపి, ఆముదంలో ముంచి, రెండు గొట్టాల్లోకీ కమ్మీతో పొడిచి పొడిచి కుక్కాను. ఇప్పుడు దూరండి చూద్దాం అనుకున్నాను. నాన్న మంచం మీంచి చెయ్యి చాపాడు.

"ఏదమ్మా, ఒకసారి ఇటు తే, చూస్తాను."

"అన్నీ చూశాను నాన్నా, నువ్వు పడుకో. తమ్ముడు బండి తీశాడు," అన్నాను.

నాన్న చెయ్యి దించుకున్నాడు. "ఊ" అనలేదు. ఎన్నికలు అయిపోయాయి. తుపాకీ ఇంటికి రాకముందే నాన్న పోయాడు.

లైసెన్సు నాన్న పేరు మీద ఉంది, నాన్న లేడు, కాబట్టి తుపాకీ ఎవరికీ ఇవ్వరు. మాలో ఒకరి పేరుకి మారాలి, మారడానికి రెండోవాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. అప్పుడు నేను కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను, సెలవంటే ప్రిన్సిపాల్ గారు నా వైపు దొంగని చూసినట్టు చూసేవారు. తమ్ముడు ఉండేది ఊళ్లోనే, వాడింటి నుంచి స్టేషన్‌కి బండి మీద పావుగంట. వాడే చూసుకుంటాడని నేను అనుకున్నాను. మూడేళ్లు అనుకుంటూనే ఉన్నాను.

రిటైరయ్యాక ఇక నేనే నడుం కట్టాను. నాన్న మూడో ఏటి జ్ఞాపకార్థ కూడిక బందరులో మా ఇంట్లో పెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లారు, చుట్టాలంతా భోజనాలకి కూర్చున్నారు. నేను ఆగలేక కాగితం తీసుకెళ్లి తమ్ముడి పళ్లెం పక్కన పెట్టాను.

వాడు చదివి, "ఇప్పుడెందుకక్కా ఇదంతా? గవర్నమెంటుకి సరెండర్ చేసేద్దాం. తుప్పు పట్టిపోయుంటది, బాగుచేయించినా దండగ," అన్నాడు.

అంతే, నా కడుపు మండిపోయింది. చుట్టాలున్నారని కూడా చూడలేదు.

"నీకెందుకుంటుందిరా పట్టింపు! మంచం కింద దూరినవాడివి! నేను నూనె రాసి, గుడ్డలు కుక్కి, పువ్వులా అప్పజెప్పాను. పక్కనే ఉండి మూడేళ్లు దాన్ని తుప్పు పట్టించావు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వెళ్లి దాని మొహం చూశావా? నాన్న పోయాక నాన్న వస్తువు నీకు ఇనప ముక్క అయిపోయింది!"

వాడు పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. పిన్ని "ఊరుకోవే" అంటూ నా చెయ్యి లాగింది. వాడు లేచి చెయ్యి కడుక్కుని, కాగితం మీద సంతకం పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. నాన్న జ్ఞాపకార్థం రోజున, నా ఇంట్లోంచి, నా తమ్ముడు అన్నం వదిలేసి వెళ్లాడు. తప్పు చేసినవాడికి నోరెలా లేస్తుందిలే అనుకున్నాను. ఆ రోజు నుంచి ఫోన్ లేదు, మాట లేదు. పండక్కి కేకు పంపిస్తే డబ్బా కడిగి తిరిగి పంపాడు, అందులో ఏమీ పెట్టకుండా.

ఆ తరవాత ఏడు నెలలు కాగితాల కోసం తిరిగాను. నాన్న మరణ పత్రం ఒకచోట, వారసుల పత్రం ఒకచోట, డాక్టరు సర్టిఫికెట్ ఇంకోచోట. కౌంటరు దగ్గర కుర్రాడు పైనుంచి కిందకి చూసి, "మీకెందుకమ్మా తుపాకీ?" అన్నాడు.

"ముగ్గులేసుకోవడానికి బాబూ," అన్నాను.

అతను నవ్వలేదు. నా ఫైలు ఇంకో నెల వెనక్కి వెళ్లిందని మా ఆయన అంటారు. వెళ్తే వెళ్లింది. నా తల ప్రాణం తోకకొచ్చాక, బాగుచేయించి చూపిస్తే పేరు మారుస్తామని, అందాకా రిపేరుకి తీసుకెళ్లొచ్చని ఒక కాగితం చేతికొచ్చింది.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ గారు బీరువా వెనకనుంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టారు. పైనంతా ఎర్రగా తుప్పు. కీలు బిగుసుకుపోయి విరవడానికి రాలేదు. నేను అక్కడ కూడా ఊరుకోలేదు.

"ఏంటండీ ఇది? గుడ్డలు కుక్కి మరీ ఇచ్చాను నేను. ఇలాగేనా దాచేది?"

"ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచామమ్మా. మేం దాన్ని ముట్టుకోం కూడా," అన్నారాయన శాంతంగా.

"అదే నేననేది, ముట్టుకోలేదని!" అని అరిచాను. అక్కడున్న వాళ్లు పనులాపి చూశారు. మా ఆయన తుపాకీని దుప్పట్లో చుట్టి, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని కారెక్కించారు. దాన్ని తిన్నగా గుడివాడ తెచ్చి పెద్దాయనకి అప్పగించాం. రెండు వారాలకి ఆయన ఫోన్ చేసి రమ్మన్నాడు. వచ్చాక అన్న మాట, చెయ్యొచ్చు గానీ చెయ్యమని చెప్పనని.

"ఎందుకు చెప్పరు? ఖర్చెంతయినా ఫరవాలేదని ముందే అన్నానుగా," అన్నాను.

"వెనక కర్ర పిడి బాగుచేశాను, కీలు కదిలిద్ది. అదంతా ఒక లెక్క కాదు. కుడి గొట్టం లోపల గుంటలు పడిపోయాయమ్మా. తూటా పెట్టారంటే పగిలిద్ది, మీ మొహం మీదే. రెండు గొట్టాలూ అతికి ఉంటాయి, ఒకటి తీసి ఒకటి వెయ్యడం నావల్ల కాదు. కలకత్తా పంపి రెండూ మార్పించాలి. ఆ ఖర్చుకి ఇంకో తుపాకీ వచ్చుద్ది. పైగా గొట్టాలు మారిపోయాక అది మీ నాన్నగారిదని ఏం చూసి అనుకుంటారు?"

"మూడేళ్లు పట్టించుకోకపోతే అలాగే అవుతుంది," అన్నాను. నా మనసులో తమ్ముడే ఉన్నాడు.

"పట్టించుకోకపోతే ఇంత అవదమ్మా," అని పెద్దాయన బల్ల కిందనుంచి ఒక పాత డబ్బా తీశాడు. అందులోంచి నల్లగా గట్టిపడిపోయిన గుడ్డ ముద్ద ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ఒక అంచున ఇంకా నీలం గళ్లు తెలుస్తున్నాయి.

"ఇది కుడి దాంట్లో ఉంది. ఎవరు పెట్టారో గానీ ప్రేమగానే పెట్టుంటారు. కానీ ఇదే చెమ్మని పట్టుకుని కూర్చుంది. మన గాలిలో ఉప్పు సంగతి తెలిసిందేగా. లోపలున్న చెమ్మని బయటికి పోనివ్వలేదు, ఇనుముని తినేసింది. గొట్టానికి గాలాడాలమ్మా. ఏమీ చెయ్యకుండా వదిలేసినా బాగుండేది. ఇదిగో చూడండి ఎడమది. దీనికేమీ పెట్టలేదు."

ఆయన గొట్టాన్ని గుమ్మం వైపు ఎత్తాడు. నేను కన్ను పెట్టి చూశాను. వెలుగు గాజుల దొంతర. అక్కడక్కడా చిన్న మచ్చలున్నాయి గానీ, నాన్న ఉన్నప్పటి వెలుగే.

"రెండింటికీ పెట్టారండీ," అన్నాను. పెట్టాను అనడానికి నోరు రాలేదు.

"లేదమ్మా. ఎడమ దాంట్లో ఏమీ లేదు. బిగుసుకున్న కీలు విడగొట్టిందే నేను కదా, నాకు తెలీదా?"

ఏం చెయ్యాలో ఫోన్ చేసి చెప్తానని గుడ్డ ముద్దని క్యారీబ్యాగులో వేసుకుని బయటికొచ్చాను. మా ఆయన ఏదో హాస్యమాడబోయి నా మొహం చూసి ఆగిపోయారు.

"ఇంటికేనా?"

"కాదు. తమ్ముడి దగ్గరికి."

పామర్రు దాటి, చల్లపల్లి వచ్చేదాకా ఆ క్యారీబ్యాగు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. నామీద నాకే అసహ్యంగా ఉంది. హెడ్ కానిస్టేబుల్ గారి మీద అరిచాను. అందరి ముందూ తమ్ముణ్ణి కడిగేశాను. పువ్వులా అప్పజెప్పానని గొప్పలు చెప్పుకున్నాను! నాన్న ఒకసారి చూస్తానని చెయ్యి చాపితే పడుకోమన్నాను. చూసుంటే ఒక్క మాటతో ఆ గుడ్డలు తీయించేవాడు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. కానీ ఎడమ గొట్టం సంగతి మాత్రం అంతు పట్టలేదు. రెండింటికీ కుక్కాను. ఈ చేతులతోనే కుక్కాను.

తమ్ముడు వాకిట్లో మందు కొట్టే స్ప్రేయరు విప్పుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి, "రండి బావగారూ," అన్నాడు. నన్ను రమ్మనలేదు. కుర్చీ మాత్రం రెండు తెచ్చి వేశాడు. మళ్లీ కింద కూర్చుని పనిలో పడ్డాడు.

నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు. "తుపాకీ ఒక గొట్టం పోయిందిరా," అన్నాను.

"కుడిదా?" అన్నాడు తల ఎత్తకుండా.

నేను కుర్చీలోంచి లేచాను. "నీకెలా తెలుసు?"

వాడు స్ప్రేయరు మూత బిగించాడు, మళ్లీ విప్పాడు. మా ఆయన మంచినీళ్లు కావాలని లోపలికి వెళ్లిపోయారు. ఆయనకి ఆ మాత్రం తెలివి ఎప్పుడూ ఉంది.

"నాన్న పోయిన రెండో నెల్లో స్టేషన్‌కి వెళ్లానక్కా. లైసెన్సు మారందే ఇవ్వం, కావాలంటే చూసుకో అన్నారు. విరిచి చూస్తే గుడ్డలున్నాయి. నాన్న అంటా ఉండేవాడుగా, గొట్టానికి గాలాడాలని. లాగాను. ఎడమది వచ్చేసింది. కుడి దాంట్లో నువ్వు మరీ లోపలికంటా కొట్టేశావు, వేలికి అందలేదు. కమ్మీ తెచ్చుకుంటానంటే, స్టేషన్లో తుపాకీని అలా పొడవటానికి లేదన్నారు. ఇంకో రెండుసార్లు వెళ్లాను. కుదరదన్నారు."

మంచం కింద చెవులు మూసుకుని కూర్చున్నవాడు నాన్న మాట విన్నాడు. సంచీ మోసుకుంటూ వెనకాలే తిరిగిన నాకు మాత్రం అది చెవికెక్కలేదు.

"అయితే తుప్పు పట్టుంటుందని ఆ రోజు అందుకే అన్నావా? సరెండర్ చేసేద్దామని?"

వాడు స్ప్రేయరు గొట్టాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఏమొచ్చుద్ది? అప్పటికే నాన్న కోసం ఏడ్చి ఏడ్చి ఉన్నావు. మళ్లీ ఇదొకటా?"

"పోనీ ఆ రోజు! అన్నేసి మాటలన్నాను కదరా! ఒక్కసారైనా వెళ్లి చూశావా అని అడిగాను కదరా! నీకు నోరు లేదా? వెళ్లాను, చూశాను, చెడగొట్టింది నువ్వేనని ఎందుకు అనలేదు?"

వాడు మొదటిసారి నా వైపు చూశాడు. "అందరి ముందూ ఎలా చెప్పనక్కా?" అన్నాడు.

నేను వాణ్ణి తిట్టాను. వెధవా అన్నాను, మొద్దు అన్నాను, ఏడు నెలలు నా చేత పాపం చేయించావన్నాను. తిడుతూనే ఏడ్చాను. మరదలు లోపల్నుంచి వచ్చి, "ఇంక చాల్లెండి వదినా, అన్నం పెట్టాను," అంది. తమ్ముడు చేతులు కడుక్కోవడానికి వెళ్తూ, "తినేసి వెళ్లు. నువ్వు కూడా వదిలేసి పోతావేమో," అన్నాడు. దెప్పాడో నవ్వించాడో వాడికే తెలియాలి. పళ్లెం ఊడ్చుకుని తిన్నాను.

అన్నాలయ్యాక వాడే అడిగాడు, కలకత్తా పంపిద్దామా అని. సగం తనూ పెట్టుకుంటాడట. ఏడు నెలల కిందట బాగుచేయించినా దండగ అన్నవాడే! వద్దన్నాను. దాన్ని బాగుచేయించాలని అంత పంతం పట్టింది ఎవరో చెడగొట్టారనుకుని. ఆ ఎవరో నేనే అయ్యాక కొత్త గొట్టాలు వేయించి గోడకి తగిలించుకుంటే, రోజూ దానికేసి ఏ మొహంతో చూడను? గొట్టాలు మార్పించడం లేదని పెద్దాయనకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "మంచి పని చేశారమ్మా," అన్నాడు. ఆ మాట కూడా నాకు చిరాకే తెప్పించింది.

వారం తిరక్కుండా తమ్ముడూ నేనూ కలిసి దాన్ని అదే స్టేషన్‌కి తీసుకెళ్లాం, ఇక వెనక్కి తెచ్చుకోకుండా అప్పగించడానికి. అదే హెడ్ కానిస్టేబుల్ గారు. నన్ను చూడగానే ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. ముందు ఆయనకి క్షమాపణ చెప్పాను. పొరపాటు నాదేనండీ, నేను కుక్కిన గుడ్డే తినేసింది అని, అక్కడున్న అందరికీ వినబడేలాగే చెప్పాను. ఆ రోజు అరిచింది కూడా అందరికీ వినబడేలాగే కదా.

ఆయన రిజిస్టరు తెరిచి, "పాత డబుల్ బ్యారల్, పనికిరానిది," అని పైకి అనుకుంటూ రాయబోయారు.

"అలా రాయకండి," అన్నాను.

"ఎలా రాస్తే ఏముందమ్మా, ఎటూ ముక్కలు చేసేదేగా."

"అయినా సరే. కుడి గొట్టం పాడు, ఎడమ గొట్టం బాగు అని రాయండి. అది ఊరికే బాగుండలేదు. మా తమ్ముడు మూడుసార్లు మీ గుమ్మం తొక్కాడు కాబట్టి బాగుంది."

తమ్ముడు, ఆ రోజు పళ్లెంలోకి చూసినట్టే, నేల చూపులు చూస్తున్నాడు. హెడ్డు గారు పెన్ను పట్టుకుని, "బాగుందని నేనెలా రాసేది, ఎవరైనా చూసి చెప్పాలి కదా," అన్నారు.

నేను తుపాకీని విరిచి, ఎడమ గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి తమ్ముడి ముందు పట్టుకున్నాను. "చూడరా," అన్నాను. వాడు ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించి చాలాసేపు చూశాడు. నా చేతులు నొప్పెట్టాయి. అయినా దించలేదు.

"ఊ," అన్నాడు.

హెడ్డు గారు రాసుకున్నారు.